అందరూ లేచాక కూర్చునే ఉన్న అమ్మ

మొన్న మా మనవరాలు భీమవరం కాలేజీ నుంచి వచ్చి, మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని, ఫోన్‌లో ఇంగ్లీషు పరీక్షకు చదువుకుంటోంది. ఉన్నట్టుండి "అమ్మమ్మా, కాన్‌స్పిక్యుయస్ అంటే ఏంటి?" అంది. నేను నోరు తెరిచేలోపే తనే ఫోన్‌ని అడిగేసింది. 'సులువుగా కనిపించే' అని ఫోన్ చెప్పింది. "అంతే కదా?" అంది పిల్ల. "అంతే కాదు" అన్నాను. గొంతు కాస్త గట్టిగానే వచ్చినట్టుంది, తలెత్తి చూసింది. "ఏంటమ్మమ్మా, దెబ్బలాటకి వచ్చినట్టు మాట్లాడతావు" అని నవ్వి మళ్ళీ ఫోన్‌లో పడింది. దాని తప్పేమీ లేదు. మా నాన్నగారు జిల్లాలో పేరున్న ఇంగ్లీషు మాస్టారు. నేను తెలుగు టీచరునయ్యాను. దీపం కింద చీకటని ఊళ్ళో వాళ్ళు ఎగతాళి చేసేవారు. ఇంగ్లీషు రాక కాదు, ఆ భాషలో ఒక మాట మా ఇంట్లో ఒక ఆదివారం చేసిన పని చూశాక నాకు దాని మీద మనసు పోలేదు. అమ్మ పోయి ఇంకా ఏడాది తిరగలేదు. ఇన్నేళ్ళకు ఆ మాట మళ్ళీ ఇంట్లో వినపడింది.

మా ఇల్లు కాలవ గట్టు పక్కన, పేటలో. మట్టి గోడలు, పెంకుల కప్పు. వసారా గోడ మీద నాన్నగారు బొగ్గు పొడీ ఆకు పసరూ కలిపి నలుపు పూయించి, దాన్ని నల్లబల్ల చేశారు. ప్రతి సోమవారం పొద్దున్నే, స్కూలుకు బయల్దేరే ముందు, దాని మీద ఒక ఇంగ్లీషు మాట రాసేవారు. వారమంతా అది అక్కడే ఉండేది. వసారాలో నీళ్ళు చిలకరించేటప్పుడు ఆ మాట మీద చుక్క పడకుండా అమ్మ జాగ్రత్తపడేది. ఆదివారం సాయంత్రం కుటుంబ ప్రార్థన అయ్యాక, లాంతరు చుట్టూ కూర్చుని, అక్కా నేనూ ఆ మాటతో చెరో సొంత వాక్యం చెప్పాలి. చెప్పకపోతే అన్నం పెట్టరని కాదు గానీ, చెప్పేదాకా కంచం మాత్రం ముందుకొచ్చేది కాదు. వంటింట్లో రొయ్యపొట్టు, చింతకాయ వేసిన కూర పొయ్యి మీంచి దిగి వాసనేస్తుంటే మాకు నోట్లో నీళ్ళూరేవి, మాటలు ఊరేవి కావు. "మీ దొరల మాటలు అయ్యాయాండీ? కూర చల్లారిపోతోంది" అని అమ్మ లోపల్నుంచి అనేది. అమ్మకు ఇంగ్లీషు రాదు. తెలుగు బైబిలు మాత్రం వేలు పెట్టి, పెదవులు కదుపుతూ చదివేది. నాన్నగారి చొక్కాలకు గంజీ నీలిమందూ పెట్టడంలో ఆమెకు సాటి లేదని పేటంతా ఒప్పుకునేవారు. నెలకోసారి గుళ్ళో రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే సంస్కారం ఆదివారం కోసం ఒక తెల్ల చీర ట్రంకుపెట్టెలో విడిగా దాచుకునేది. అది బయటికి తీసిన రోజు ఇల్లంతా కలరా ఉండల వాసన వచ్చేది.

మా తమ్ముడి పేరు బెన్యామీను. అందరం బెన్ని అనేవాళ్ళం. అక్కకీ నాకూ తర్వాత చాలా ఏళ్ళకు పుట్టాడు. అప్పుడప్పుడే నడక వచ్చి, అమ్మ కుచ్చిళ్ళు పట్టుకుని ఇల్లంతా తిరిగేవాడు. వానాకాలంలో వాడికి జ్వరం పట్టుకుంది. నాన్నగారు డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళారు, మందు నీళ్ళు తెచ్చారు, అయ్యగారిని పిలిపించి ప్రార్థన చేయించారు. మా వైపు పాస్టరు గారిని అయ్యగారనే అంటాం. జ్వరం తగ్గేది, మళ్ళీ వచ్చేది. రానురాను పిల్లాడు ఏడవడం కూడా మానేశాడు. అదే అమ్మని భయపెట్టింది.

మా ఇంటికి చేపల బుట్టతో సత్తెమ్మ అనే ఆవిడ వచ్చేది. సముద్రం వైపు పల్లె ఆవిడది. తన పిల్లల్లో ఇద్దరు పోగా మిగిలినవాణ్ణి ఊరి అమ్మవారి దగ్గర తాయెత్తు కట్టించి బతికించుకున్నానని నమ్మేది. ఒక రోజు బుట్ట దించి బెన్నిని చూసి, మళ్ళీ బుట్టెత్తుకుని వెళ్ళిపోయింది. మర్నాడు చేపలు లేకుండా వచ్చింది. నల్లతాడుకు చిన్న రాగి తాయెత్తు. "నీ దేవుడు కోప్పడితే నా పేరు చెప్పమ్మా. పిల్లాడు లేచి తిరిగాక తీసి కాలవలో పారేద్దువుగాని" అంది. నాన్నగారు స్కూల్లో ఉన్నారు. అమ్మ కాసేపు గుమ్మంలో నిలబడి, లోపలికి వచ్చి, దాన్ని వాడి మొలకు కట్టింది. నేను చూశాను. "నాన్నగారికి చెప్పకు" అని కూడా అమ్మ నాతో అనలేదు. ఆ తాడు కట్టిన మూడో పూటకి బెన్ని పోయాడు.

అమ్మ కావాలనుకుంటే ఆ తాడు తెంపేసి ఉండొచ్చు. ఎవరికీ తెలిసేది కాదు. పిల్లాడికి స్నానం చేయించడానికి గుడి తరఫున స్త్రీల సమాజం వాళ్ళు వచ్చేసరికి అది వాడి మొలకే ఉంది. అంత చిన్న శరీరం మీద అంత సన్నటి తాడు అందరికీ ఒకేసారి కనపడింది. ఒకావిడ కత్తెర తెమ్మంది. "వద్దండి. వాడితోనే పోనివ్వండి" అంది అమ్మ. వాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. తాడు తెంపారు. సమాధి పెట్టెలో పెట్టినప్పుడు వాడి ఒంటి మీద తెల్ల గౌను తప్ప ఏమీ లేదు. అమ్మ అప్పటిదాకా ఏడుస్తూనే ఉంది, తాడు తెంపినప్పుడు మానేసింది.

మా సంఘంలో ఆ రోజుల్లో ఒక పద్ధతి ఉండేది. బయటి దేవుళ్ళకు మొక్కినవాళ్ళని, తాగి తన్నుకున్నవాళ్ళని, ఆరు నెలలు సంస్కారానికి దూరం పెట్టేవారు. రొట్టె, ద్రాక్షరసం తీసుకోకూడదు. అలాగని గుడికి రావడం మానకూడదు. రావాలి, ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చోవాలి, తక్కినవాళ్ళందరూ వరసలు వరసలుగా లేచి ఆల్టరు ముందు మోకరించడానికి వెళ్తుంటే చాప మీద తను మాత్రం కూర్చుని ఉండాలి. గడువు తీరాక లేచి నిలబడి తప్పయిందని చెబితే మళ్ళీ చేర్చుకుంటారు. ఎవరు ఎప్పుడు పెట్టారో గానీ, దెబ్బ పడకుండా కొట్టడం ఎలాగో బాగా తెలిసినవాళ్ళే పెట్టి ఉంటారు. శిక్ష పడ్డవాళ్ళ పేర్లు చదివేది సంఘ కార్యదర్శి. అప్పుడు కార్యదర్శి మా నాన్నగారు. "ఈ ఒక్కసారికి నేను చదువుతాను లెండి మాస్టారూ" అని అయ్యగారు ఇంటికొచ్చి మరీ అన్నారు. "క్రమం క్రమమేనండి" అన్నారు నాన్నగారు.

ఆ వారమే నల్లబల్ల మీద ఆ మాట ఉంది. ఎందుకు రాశారో నాకు ఇప్పటికీ తెలియదు. సోమవారానికి అమ్మ సంగతి తేల్చే సంఘ పెద్దల సమావేశం ఇంకా జరగలేదు, కాబట్టి కావాలని రాసి ఉండరు. ఇంట్లో పిల్లాడు పోయి రెండు వారాలు కాలేదు, అయినా సోమవారం వస్తే మాట రాయాలి, అంతే. రోజుకో విధంగా దాన్ని వివరించారు. "విజిబుల్ అంటే కనపడేది. గోదావట్లో పడవ విజిబుల్. అదే గోదావట్లో ఏనుగు ఈదుకుంటూ వెళ్తుందనుకోండి, అది కాన్‌స్పిక్యుయస్" అన్నారు. మేం నవ్వాం. బెన్ని పోయాక నవ్వడం అదే మొదటిసారి, నవ్వి భయపడ్డాం. "ప్రామినెంట్ అంటే వేరు. ప్రెసిడెంటు గారు ప్రామినెంట్, ఆయనకి కనపడటం ఇష్టం, మనకీ చూడటం ఇష్టం. ఈ మాటకి ఇష్టంతో పని లేదు. చుట్టూ ఉన్నవాటితో కలవని దాని మీద కళ్ళు వాటంతటవే పడతాయి. తెలుగులో కొట్టొచ్చినట్టు కనపడటం అంటాం చూడండి, అదీ" అన్నారు. ఇంకో రోజు, లేనివాడు కూడా కాన్‌స్పిక్యుయస్ కావచ్చన్నారు. పెళ్ళికి అందరూ వచ్చి పెళ్ళికొడుకు మేనమామ రాకపోతే, వచ్చిన వందమంది కంటే ఆ రానివాడే ఎక్కువగా కనపడతాడట. అది చెబుతూ చెబుతూ సగంలో ఆపేసి, సుద్ద ముక్క జేబులో వేసుకుని, కాలవ గట్టు మీదికి వెళ్ళిపోయారు.

ఆదివారం అమ్మ తెల్ల చీర కట్టుకుంది. కట్టుకోవద్దని ఎవరూ చెప్పలేదు. నాన్నగారు లేచి, కాగితం తీసి, తరగతిలో పాఠం చదివినంత స్పష్టంగా చదివారు. మా గ్రామ సంఘ సభ్యురాలు, దేవదానం మాస్టారి భార్య కరుణమ్మ అని, అన్యాచారం అని, ఆరు నెలలు అని. అందులో తన పేరు వచ్చిన చోట కూడా తడబడలేదు. కీర్తన మొదలైంది. మగవాళ్ళు ఆ పక్క నుంచి, ఆడవాళ్ళు ఈ పక్క నుంచి లేచి వెళ్ళడం మొదలెట్టారు. అమ్మ వరస వచ్చింది. పక్కనున్నవాళ్ళు చీర కొంగు తగలకుండా పట్టుకుని, ఆమెను దాటుకుని వెళ్ళారు. చూస్తుండగా ఆ వైపు చాపలన్నీ ఖాళీ అయ్యాయి. పిల్లలం వెనక గోడ దగ్గర కూర్చునేవాళ్ళం కాబట్టి నాకు అమ్మ వీపు కనపడుతోంది. తల వంచలేదు. నాన్నగారు మగవాళ్ళ వరసలో నడిచి, మోకరించి, లేచి, కళ్ళు మూసుకుని వెనక్కి వచ్చారు. అందరూ తెల్ల బట్టలే, అందరిదీ ఒకటే నడక, వాళ్ళలో ఆయన ఎవరో పోల్చుకోవడానికి నేను వెతుక్కోవాల్సి వచ్చింది.

ఆ సాయంత్రం ప్రార్థన అయ్యాక, నాన్నగారు "వాక్యాలు" అన్నారు. ఆ రోజు కూడా అడుగుతారని నేను అనుకోలేదు. నాకేమీ రాలేదు. గోదావట్లో ఏనుగునే అటూ ఇటూ తిప్పి అప్పజెప్పాను. తల ఊపారు. అక్క సుగుణకు అప్పటికి పధ్నాలుగేళ్ళు. ఇంట్లో ఇంగ్లీషు బాగా వచ్చింది దానికే, నాన్నగారి పోలిక, పట్టుదల కూడా ఆయనదే. లేచి నిలబడింది. "అవర్ మదర్ వాజ్ కాన్‌స్పిక్యుయస్ ఇన్ చర్చ్ టుడే" అంది. ఊపిరి తీసుకుని, "అవర్ ఫాదర్ వాజ్ నాట్" అంది.

నాన్నగారు లాంతరు వత్తి కాస్త పెంచారు. వంటింట్లోంచి అమ్మ చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. తన గురించేనని ఎలాగో పసిగట్టింది. "ఏమందండీ అది?" అంది. ఆయన చెప్పకుండా ఉండొచ్చు, ఏదో ఒకటి చెప్పి దాటేయొచ్చు. కానీ అబద్ధం అర్థం చెప్పడం ఆయన జీవితంలో చేయని పని. "ఇవాళ గుళ్ళో నువ్వు అందరి కళ్ళకీ కొట్టొచ్చినట్టు కనపడ్డావంట. నేను కనపడలేదంట" అన్నారు. తర్వాత, అలవాటు కొద్దీ, "వాక్యం సరైందే" అన్నారు. అమ్మ అక్క వైపు చూసింది, కోప్పడలేదు. "కనపడాలనే కదండీ కూర్చోబెట్టారు" అంది. వెళ్ళి కంచాలు తెచ్చింది. నలుగురం తిన్నాం. మర్నాడు సోమవారం, నల్లబల్ల మీద కొత్త మాట రాయలేదు. ఆ పాత మాట వానజల్లుకు దానంతటదే చెరిగిపోయేదాకా అక్కడే ఉంది. మా ఇంట్లో మళ్ళీ వాక్యాలు చెప్పుకోలేదు.

ఆరు నెలలయ్యాయి. అయ్యగారు ఆమె పేరు పిలిచి, "తప్పయిందని ఒక్క మాట చెప్పమ్మా, చాలు" అన్నారు. మంచాయనే. ఆ మాట కోసం ఆయన కూడా ఆత్రంగానే ఎదురుచూస్తున్నట్టు ముఖం పెట్టారు. అమ్మ లేచింది. "పిల్లాడు బతకాలని కట్టానండి అయ్యగారూ. అది తప్పని నేను చెప్పలేనండి. మళ్ళీ అంత జ్వరం వస్తే మళ్ళీ కడతానేమోనండి" అంది. కూర్చుంది. గుడంతా గుసగుసలు. ఆ ఒక్క మాటతో అమ్మ ఆరు నెలల శిక్షని బతుకంతా పొడిగించుకుంది. ప్రతి నెలా మొదటి ఆదివారం తెల్ల చీర కట్టుకుని వెళ్ళడం, అందరూ లేస్తే కూర్చోవడం. కొత్త అయ్యగార్లు వచ్చారు, బతిమాలారు, వదిలేశారు. పెళ్ళయి వచ్చిన కొత్త కోడళ్ళు, ఆవిడెందుకు లేవరని పక్కవాళ్ళని అడిగేవారు. పక్కవాళ్ళు చెవిలో చెప్పేవారు.

నాకు అది మొండితనమనే అనిపించేది. ఒక వరదకి కాలవ గట్టు తెగి సమాధుల దొడ్డి మునిగింది. నీళ్ళు తీశాక పెద్దవాళ్ళ సిమెంటు సమాధులు మిగిలాయి గానీ పసిపిల్లల మట్టి దిబ్బలన్నీ చదునైపోయాయి. బెన్నిది ఎక్కడో అమ్మకు కూడా తెలియలేదు. బురదలో అటూ ఇటూ తిరిగి వచ్చి, వసారాలో కాళ్ళు కడుక్కుంటూ నాతో అంది. "ఇంక వాడికి గుర్తంటూ ఏముందే? ఒక ఫోటో కూడా తీయించలేదు. నెలకోసారి నేను లేవకపోతేనే, ఎందుకు లేవలేదని ఎవరో ఒకరు అడుగుతారు. అడిగితే వాడి పేరు వస్తుంది." అప్పుడు అర్థమైంది నాకు. శిక్ష వేసినవాళ్ళకి ఆమె పాపం కనపడాలి. ఆమెకి తన పిల్లాడు కనపడాలి. అంతకు మించి ఇంకెక్కడా వాడు మిగల్లేదు.

నాన్నగారు రిటైరయ్యాక, కార్యదర్శి పని కూడా వదిలేశాక, ఒక మొదటి ఆదివారం ఆయన లేవలేదు. మగవాళ్ళ వైపు ఆయనొక్కరు, ఆడవాళ్ళ వైపు అమ్మ. అప్పటికి నాకు పెళ్ళయి పిల్లలు. నేను ఆల్టరు దగ్గర్నుంచి తిరిగి వస్తూ ఇద్దర్నీ చూశాను. ఇంటికి వచ్చాక అమ్మ సంతోషపడుతుందనుకున్నాను. "మీరెందుకు కూర్చున్నారండీ?" అంది సూటిగా. "ఆ కాగితం చదివింది నేనే కదా" అన్నారు. "బెన్ని కోసమైతే కూర్చోండి. నా మీద జాలితో అయితే వద్దు" అంది. ఆయన మర్నెల మళ్ళీ లేచి అందరితో వెళ్ళారు. మధ్యాహ్నం భోంచేస్తూ, కంచంలోకి చూస్తూ అన్నారు. "నా వల్ల కాలేదు కరుణా. ఒక్క పూటకే వీపంతా మండిపోయింది. ఇన్నేళ్ళు ఎలా కూర్చున్నావు?" అమ్మ ఆయన కంచంలో మజ్జిగ పోసింది. "అలవాటైపోయిందండి" అంది. ఆ వానాకాలం దాటకుండానే ఆయన పోయారు.

ఇప్పుడు ఆ గుడి లేదు. రొయ్యల చెరువుల మీద నాలుగు రాళ్ళు వెనకేసుకున్నవాళ్ళు పాత కట్టడం పడగొట్టించి రెండంతస్తుల హాలు కట్టించారు. చుట్టూ వరిచేలు పోయి చెరువులొచ్చాయి, వాటిలో నీళ్ళు చిలుకుతూ తిరిగే ఏరియేటర్ల చప్పుడు ప్రసంగం మధ్యలో కూడా వినిపిస్తుంది. చాపలు పోయాయి, ప్లాస్టిక్ కుర్చీలొచ్చాయి. పాట మాటలు తెర మీద పడతాయి. ఎవరినీ సంస్కారానికి దూరం పెట్టడం లేదు, ఆ పద్ధతి ఉండేదని కూడా చాలామందికి తెలియదు. మంచిదే. నేనేమీ పాత రోజుల్ని పొగడటం లేదు, అవి మా అమ్మని ఏం చేశాయో నాకు తెలుసు. రొట్టె ముక్క, చిన్న చిన్న ప్లాస్టిక్ గిన్నెల్లో ద్రాక్షరసం ట్రేలో పెట్టి కుర్చీల దగ్గరికే పంపిస్తున్నారు. లేవక్కర్లేదు. మోకాళ్ళ నొప్పులవాళ్ళకి సుఖం. కొత్త హాల్లో మొదటిసారి ఆ ట్రే వచ్చినప్పుడు, అమ్మ దాన్ని నా చేతుల్లోంచి అందుకుని, ఏమీ తీసుకోకుండా అవతలివాళ్ళకి అందించింది. అవతలావిడ ఫోన్ చూసుకుంటోంది. ఎవరూ గమనించలేదు. ఆటోలో ఇంటికి వస్తూ అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఇవాళ నేను తీసుకోలేదని ఎవరికీ తెలీలేదే" అని ఏడ్చింది. గుడి విషయంలో అమ్మ ఏడవడం నేను చూడటం అదే మొదలు. అన్ని కళ్ళు వీపు మీద పడ్డ రోజున ఏడవని మనిషి, ఒక్క కన్నూ పడని రోజున ఏడ్చింది.

తర్వాత నెల ముందు వరసలో కూర్చోబెట్టమంది. కూర్చోబెట్టాను. ఇప్పటి అయ్యగారు కుర్రవాడు, మర్యాదస్తుడు. ముసలావిడ చేతులు వణుకుతున్నాయనుకుని, ట్రే పక్కన పెట్టి, "మామ్మగారూ, నేను పెడతానుండండి" అని రొట్టె ముక్క పెదాల దాకా తెచ్చాడు. అమ్మ నోరు బిగించింది. మింగలేకపోతోందనుకుని తల మీద చెయ్యి పెట్టి దీవించి వెళ్ళిపోయాడు. నేను చెప్పబోయాను, పాట మొదలైంది. ఆ మీదట అమ్మ మంచం దిగలేదు.

శవపెట్టె హాల్లో పెట్టి ఆరాధన జరిపారు. జంగారెడ్డిగూడెం నుంచి అక్క వచ్చింది. ఎనభైకి దగ్గరపడింది, కర్ర పట్టుకుని నా పక్కన కూర్చుంది. అయ్యగారు అమ్మ జీవితం గురించి మాట్లాడుతూ, "మన కరుణమ్మ గారు చివరిదాకా నెలనెలా తప్పకుండా ప్రభు బల్లలో పాలుపంచుకున్న విశ్వాసి" అన్నాడు. హాలంతా "ఆమెన్" అంది. ఆయన మంచి మాట చెప్పాననే అనుకున్నాడు. అక్క కర్రతో నా కాలు తట్టింది. "చెప్పవే" అంది.

నేను లేచాను. "లేదండి అయ్యగారూ. మా అమ్మ రొట్టె, ద్రాక్షరసం తీసుకోలేదండి. అరవై ఏళ్ళు తీసుకోలేదు" అన్నాను. ఆయన చేతిలో కాగితం కిందికి దించాడు. కుర్చీలన్నీ గరగరమంటూ నా వైపు తిరిగాయి. వెనక నుంచి ఎవరో "పాపం, దుఃఖంలో ఉన్నారు, కూర్చోబెట్టండి" అన్నారు. ఒకమ్మాయి వచ్చి నా భుజం పట్టుకుంది. నాన్నగారికి వీపు ఎందుకు మండిందో నాకు అప్పుడు తెలిసింది. అయ్యగారు మెల్లిగా, నిజంగా తెలుసుకోవాలన్నట్టు, "ఎందుకని తీసుకోలేదమ్మా?" అని అడిగాడు. నేను కూర్చోలేదు. "మాకో తమ్ముడుండేవాడండి, బెన్యామీను" అని మొదలుపెట్టాను.